పైకొచ్చిన మందుండ

అనగనగా, ఇప్పచెట్లు విరగబూసే ఒక అడవిలో గుబురయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. అడవికంతటికీ అతనొక్కడే వైద్యుడు. ఆకు వాసన చూసి పేరు చెప్పేవాడు, వేరు కొరికి గుణం చెప్పేవాడు. తన మందంటే తనకే తెగ ముద్దు. "నా మందు గొంతు దిగిందా, రోగం అడవి దాటినట్టే!" అంటూ పొట్ట చరుచుకునేవాడు.

ఆ ఎండాకాలం నేరేడమ్మ అనే అడవిదున్నకు కడుపులో పురుగులు పడ్డాయి. పక్కటెముకలు తేలాయి. దూడకు పాలు చాలడం లేదు. పైగా వాగు ఎండిపోతోంది, నీళ్ల కోసం మంద కొండ దాటబోతోంది. నడవలేక వెనకబడితే ఇంకేముంది, పులి చూసుకుంటుంది.

"వైద్యులుగారూ, నా బిడ్డ కోసమైనా నన్ను లేపి నిలబెట్టండి" అని నేరేడమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఓస్, ఇంతేనా!" అన్నాడు గుబురయ్య.

మోదుగ గింజలు దంచాడు, నేలవేము ఆకు కలిపి నూరాడు. ఆ ముద్ద తెచ్చి ఆమె నాలుక మీద పెట్టాడు. నేలవేము చేదెంతో మీకు తెలీదు పిల్లలూ, తెలీకపోవడమే మంచిది! నేరేడమ్మ కళ్లు గిర్రున తిరిగాయి, చెవులు నిక్కాయి, "హాఛ్!" మందంతా వైద్యుడి మొహానే పడింది. పొరపాటున పెదవులు నాక్కున్నాడేమో, గుబురయ్య నాలుక బయటపెట్టుకుని వాగుదాకా ఒకటే పరుగు.

చెట్టుమీది గోరింక పకపకా నవ్వింది. "మామా, బాగా కుదిరిందా?"

"ఉండవే, చూద్దువుగాని!" అని గుబురయ్య ఈసారి ఇప్పపూలు ఏరుకొచ్చాడు. ఇప్పపూలంటే అతనికి ప్రాణం. అయినా మనసు రాయి చేసుకుని, మందును వాటి మధ్య పెట్టి లడ్డూలా చుట్టాడు. నేరేడమ్మ గుటుక్కున మింగేసింది.

ఇక చూడండి గుబురయ్య సంబరం! "నేరేడమ్మకు నయమైపోయిందహో!" అని అడవంతా కేకేసి వచ్చాడు. ఉడుతలు గంతులేశాయి, నెమళ్లు పురి విప్పాయి. నేరేడమ్మ నీడన పడుకుని మెల్లగా దవడలు ఆడిస్తోంది. ఉన్నట్టుండి మొహం చిట్లించింది. "థూ!" మందుండ వచ్చి గుబురయ్య ముక్కుకు టప్పున తగిలింది.

"దవడలో దాచావు కదూ!"

"ఒట్టు, మింగాను వైద్యులుగారూ!"

"మింగింది నోట్లోకి ఎలా వస్తుంది? నేను మింగింది ఏనాడైనా వచ్చిందా?"

ఆమె ఏదో చెప్పబోయింది. వింటేగా! మరింత పెద్ద ఉండ చుట్టి, అందరి ఎదుటా మింగించాడు, నోరు తెరిపించి మరీ చూశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కాసేపు గడిచింది. దవడలు ఆడాయి. "థూ!"

నవ్వులే నవ్వులు! కోతులైతే కొమ్మలమీంచి జారిపడ్డాయి. గుబురయ్యకు తల కొట్టేసినట్టయింది. "ఇది మొండిఘటం, దీనికి మందెక్కదు" అనేసి వెళ్లిపోతే పరువు దక్కుతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడే దూడ వచ్చి తల్లి పొదుగును కుమ్మి కుమ్మి, పాలు రాక అరిచింది. గుబురయ్య ఆ మాట మింగేశాడు. అది మాత్రం మళ్లీ పైకి రాలేదు.

ఆమె పక్కన కూలబడ్డాడు. "నాకు అంతుపట్టడం లేదు తల్లీ. నువ్వు తిండి ఎలా తింటావో చెప్పు" అన్నాడు. అంత పెద్ద వైద్యుడు అందరి ముందూ తెలీదన్నాడు!

"మేం ముందు గబగబా మింగేస్తాం వైద్యులుగారూ. తర్వాత నీడన కూర్చుని, మళ్లీ నోట్లోకి తెచ్చుకుని తీరిగ్గా నములుతాం. అదుగో, వస్తోంది చూడండి!"

ఆమె గొంతులో గడ్డి ముద్ద పైకి పాకింది. "అమ్మ బాబోయ్, ఎదురొస్తోంది!" అని గుబురయ్య వెల్లకిలా పడ్డాడు. లేచి, "ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అన్నాడు.

"మీరు అడగలేదుగా!"

"సరే సరే. మింగినవన్నీ పైకొస్తాయా?"

"గడ్డి తేలిక, అది వస్తుంది. ఓసారి గడ్డితోపాటు గులకరాయి లోపలికి పోయింది. బరువు కదా, అడుగునే ఉండిపోయింది."

గుబురయ్య ఎగిరి గంతేశాడు! నున్నటి బరువైన గులకరాయి తెచ్చాడు. దానిచుట్టూ మందు మెత్తాడు, పైన ఇప్పపూలు అద్దాడు. నేరేడమ్మ మింగింది. దవడలు ఆడాయి. గుబురయ్య కళ్లు మూసుకుని, ముక్కు కూడా మూసుకున్నాడు. గడ్డి వచ్చింది. ఉండ రాలేదు!

మందు అడుగున కూర్చుని కొంచెం కొంచెంగా కరిగింది. పురుగులు పోయాయి, ఆకలి పుట్టింది, పొదుగు నిండింది. మంద కదిలిన రోజున నేరేడమ్మ ముందు వరసలో నడిచింది. దూడ నడుస్తూనే పాలకు ఎగబడుతుంటే, "ఉండరా, ముందు కొండెక్కనీ!" అని కసిరింది. ఆ కసురు విని గుబురయ్య ఆనందం పట్టలేక అక్కడికక్కడే చిందులేశాడు.

ఇంతలో గోరింక అరిచింది. "మామా! కొండచిలువకు జలుబట! మందు పట్రా!"

గుబురయ్య మూట ఎత్తుకున్నాడు. మళ్లీ ఏమనుకున్నాడో, కింద పెట్టేశాడు.

"మందు తర్వాతే. ముందు వెళ్లి, అన్నం ఎలా తింటావు నాయనా అని అడిగొస్తా."

నీతి: ఎదుటివారికి మేలు చేయాలనుకుంటే, ముందు వారి సంగతి వారినే అడిగి తెలుసుకోవాలి.