చెయ్యి వదలమన్న సొంబారి

కొండల మీద కాలిబాటలే తప్ప రోడ్లు లేని కాలం. ఆ కాలంలో, మూడు కొండల అవతల ఒక ఊరు. ఆ ఊళ్లో సొంబారి అనే ముసలమ్మ. సోమవారం పుట్టింది కాబట్టి సొంబారి. కొండచీపుర్లు కట్టి, నెత్తిన పెట్టుకుని, వారం వారం కింద సంతకి దిగేది. అంతే ఆమె బతుకు.

ఆమెకి ఒకటే అలవాటు. నడుస్తూ నడుస్తూ ఆగేది. పైకి చూసేది.

"అత్తకి కొండ మీద పెళ్ళికొడుకు కనిపించాడర్రా!" అని ఊరివాళ్లు నవ్వేవాళ్లు.

ఆ ఊరి బాటలో ఒక ఎర్రమన్ను జారుడు ఉంది. ఇటు నిలువెత్తు మట్టి, అటు లోయ. వానాకాలం అక్కడికొస్తే అందరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని దాటేవాళ్లు. తాతలనాటి అలవాటు.

ఒక ఏడాది మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు సంత నుంచి సొంబారితో కలిపి ఏడుగురు తిరిగొస్తున్నారు. వాళ్లలో గాసి ఒకడు. ఇంటి దగ్గర పెళ్ళానికి నొప్పులు. కింది ఊరి మంత్రసాని నూకమ్మని వెంటబెట్టుకుని, పరుగులాంటి నడక నడుస్తున్నాడు.

ఊట దగ్గర సొంబారి ఆగింది. పైకి చూసింది. "పొద్దున ఈ నీళ్లు తేటగా ఉన్నాయి. ఇప్పుడు ఎర్రగా వస్తున్నాయి."

"వానకి ఎర్రబడవా? నడువత్తా!" అన్నాడు గాసి.

వెదురు పొద దగ్గర సొంబారి ఆగింది. పైకి చూసింది. "పొద్దున నిటారుగా ఉన్న వెదుళ్లు లోయవైపు ఒరిగాయి."

"నీలాగే వాటికీ నడుం వంగిందిలే. నడువత్తా!"

జారుడు దగ్గర సొంబారి ఆగింది. పైకి చూసింది. గాలి లేదు, మేక లేదు. అయినా గులకరాళ్లు రాలుతున్నాయి. "ఈ పూట ఇక్కడే ఆగుదాం నాయనా."

గాసి గొంతు మారింది. "నేనాగుతానత్తా. కడుపులో బిడ్డ ఆగుతుందా?"

సొంబారి బాట అవతలికి చూసింది. "సరే, దాటుదాం. కానీ చేతులు వదలండి. ఒక్కొక్కరే వెళ్లాలి. మిగిలినవాళ్లు ఈ బండ చాటున నిలబడి, వెళ్లేవాళ్లని కళ్లార్పకుండా చూడాలి."

"కష్టంలో చెయ్యి వదలమంటావా? ఇదేం మాట!" అని గాసి మండిపడ్డాడు.

"ఒక్కడు కూరుకుపోతే ఆరుగురం తవ్వుతాం. ఏడుగురమూ కూరుకుపోతే ఎవరొచ్చి తవ్వుతారురా?"

గాసి నూకమ్మ చెయ్యి వదిలాడు.

నూకమ్మ దాటి అవతల నిలబడింది. తర్వాత గాసి. సగం దూరం వెళ్లాడో లేదో, కొండ మూలిగింది.

"పరిగెత్తరా!" అని సొంబారి కేక పెట్టింది.

గాసి రెండడుగులు వేశాడు. మూడో అడుగు ఎవరికీ కనపడలేదు. ఎర్రమన్ను బాటనీ కప్పేసింది, గాసినీ కప్పేసింది.

ఆ వెంటనే అయిదు చేతులు ఒకే చోటు చూపించాయి. "అదిగో, అక్కడ!"

"ఒకరు కొండని చూస్తుండండి. తక్కినవాళ్లు తవ్వండి!" అంది సొంబారి. సంతలో కొన్న కొత్త పార ఒకటుంది. పార చాలని చోట గోళ్లున్నాయి. అటునుంచి నూకమ్మ కూడా వచ్చి తవ్వింది. ముందు తలపాగా తేలింది. తర్వాత జుట్టు తేలింది. ఆ తర్వాత, ముక్కు నిండా మన్నుతో, పెద్ద తుమ్ము!

కళ్లు తెరవగానే గాసి అన్న మొదటి మాట: "నూకమ్మా, నువ్వింకా ఇక్కడే ఉన్నావా? వెళ్లు తల్లీ!"

నూకమ్మ పరిగెత్తింది. పొద్దుగుంకేలోపు ఆడపిల్ల పుట్టింది. కుంటుకుంటూ ఇంటికొచ్చిన గాసి, బిడ్డని ముందు సొంబారి ఒళ్లోనే పెట్టాడు.

సొంబారి ఇంకా చాలా ఏళ్లు చీపుర్లు అమ్మింది. ఒక ఎండాకాలం నిద్రలోనే పోయింది.

ఇప్పుడు అక్కడికి రోడ్డు పడింది. అయినా ముసురు పడితే బస్సు ఆ జారుడుకి ఇవతలే ఆగుతుంది. అందరూ దిగుతారు. ఎంత ప్రేమ ఉన్నా మొగుడూ పెళ్ళాలు, అక్కచెల్లెళ్లు అక్కడ చేతులు వదులుతారు. ఒక్కొక్కరే నడుస్తారు. "చూస్తున్నాం, వెళ్లు!" అంటారు ఇవతలివాళ్లు. అవతలికి చేరినవాళ్లు వెనక్కి తిరిగి, "సొంబారమ్మా, దాటేనే!" అని కేక వేస్తారు.

కొత్తగా వచ్చినవాళ్లు సొంబారి ఎవరని అడుగుతారు.

"ముందు దాటండి బాబూ," అంటారు ఊరివాళ్లు, "అవతల కూర్చుని చెప్పుకుందాం."