పిల్లి గొంతులో కవ్వం

ఒకప్పుడు పిల్లికి మ్యావ్ తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. ఇప్పుడు మన ఒళ్ళో పడుకుని గుర్రుగుర్రుమంటుందే, ఆ చప్పుడు అప్పట్లో ఒక్క కవ్వానిదే. తాడు ముందుకు లాగితే గుర్రు, వెనక్కి లాగితే గుర్రు. పిల్లికి దాంతో ఏం పని? వెన్న తేలేదాకా కుండ పక్కన కూర్చోవడమే దాని పని.

ఆ పిల్లి పైడితల్లి ఇంట్లో ఉండేది. మజ్జిగ చిలికే చోటికి పక్కనే, దూలానికి చీర ఉయ్యాల. అందులో పైడితల్లి కూతురు గవరమ్మ. రోజూ తల్లి చిలుకుతుంటే ఆ పిల్ల వేలు నోట్లో పెట్టుకుని హాయిగా నిద్రపోయేది.

ఇలా ఉండగా గేదె వట్టిపోయింది. పాలు లేవు, పెరుగూ లేదు. కవ్వాన్ని కడిగి గోడకు తగిలించారు.

మర్నాడు గవరమ్మ ఏడుపు అందుకుంది. అలాంటిలాంటి ఏడుపు కాదు. మొహం కందగడ్డ అయిపోయింది.

"ఏటైందే గుంటకి?" అని పైడితల్లిని అత్త కేకేసింది.

"ఏటో తెలీడం లేదత్తా! కడుపు నిండానే ఉంది."

తండ్రి సింహాచలం గిలక్కాయ ఊపాడు. పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది. నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. దిష్టి ఉంటే ఘాటు రాకూడదు. కానీ ఇల్లంతా దగ్గింది, పిల్లతో సహా.

"ఘాటొచ్చింది. అంటే దిష్టి కాదు. మరేటి?" అంది ముసలమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడే ఉయ్యాల కింద నుంచి పిల్లి నడిచి వెళ్ళింది. అందరి చూపూ దాని మీద పడింది.

"ఇదిగో, ఇదే! దీన్ని గోనెసంచిలో వేసి ఏరు దాటించి రారా!" అని కొడుకుని పురమాయించింది ముసలమ్మ.

సింహాచలం సంచి కోసం వెళ్ళాడు.

పిల్లికి ఏమీ అర్థం కాలేదు. 'రోజూ ఇక్కడే నడుస్తాను కదా. మొన్నా నడిచాను. మొన్న ఎవరూ ఏడవలేదే!' తన కూనల్ని ఏడిళ్ళు తిప్పి తిప్పి, చివరికి ఈ ఇంట్లో కుదురుకున్న ముసలి పిల్లి అది. ఏరు దాటించేస్తే ఈ వయసులో ఎక్కడికి పోతుంది?

పరుగున కుక్క దగ్గరికి పోయింది. "ఆ పిల్ల ఎందుకేడుస్తోంది బావా?"

"నన్నడుగుతావేం? నన్ను గడప దాటనిస్తేగా!"

గేదెను అడిగింది. "నేను వట్టిపోయాను. నాకు తెలిసింది అంతే," అని గేదె నెమరువేసింది.

పిల్లి ఇంకా తికమకపడి ఇంట్లోకి వచ్చింది. గోడ మీద నుంచి కవ్వం మూలిగింది.

"అందర్నీ అడిగారు. మిరపకాయల్ని కూడా అడిగారు. నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు! ఇన్నాళ్ళూ ఆ పిల్లను నిద్రపుచ్చింది నా చప్పుడు. నేను ఊరుకున్నాను, అది ఏడుస్తోంది. పిలవని పేరంటానికి నేనెందుకు పోతాను?"

"అయితే ఆ చప్పుడేదో చెయ్యి మరి!"

"పెరుగు లేకుండా ఎలా తిరగను?"

"పోనీ నాకివ్వు."

"నీకా? మొన్న వెన్నకోసం నన్ను కుండతో సహా దొర్లించావే, అది మర్చిపోయాననుకున్నావా?"

పిల్లి తల దించుకుంది. ఉయ్యాలలో పిల్లకు ఎక్కిళ్ళు మొదలయ్యాయి. కవ్వం కాసేపు బిగుసుకుంది, తర్వాత నిట్టూర్చింది.

"సగం ఇస్తాను. పిల్ల కోసం, నీకోసం కాదు. తొందరపడకు. నిదానంగా, ఒకేలాగా, ముందుకీ వెనక్కీ. తెలిసిందా?"

సింహాచలం సంచి మూతి విప్పేసరికి పిల్లి ఎగిరి ఉయ్యాలలో పడింది.

"గుర్ర్ర్!"

పిల్ల ఉలిక్కిపడి కెవ్వుమంది.

"నిదానం!" అని గోడ మీద నుంచి కసిరింది కవ్వం.

పిల్లి గవరమ్మ పక్కన ఒదిగి కళ్ళు మూసుకుంది. ఊపిరి తీస్తే గుర్రు, వదిలితే గుర్రు. పిల్ల ఏడుపు సన్నబడింది. ఒక ఎక్కిలి, ఇంకో ఎక్కిలి. వేలు నోట్లోకి పోయింది. కళ్ళు వాలిపోయాయి.

"ఏటే ఇది?" అని గొణిగింది ముసలమ్మ.

"ఏటో అత్తా!"

సింహాచలం పిల్లి వంక చూశాడు, పిల్ల వంక చూశాడు. సంగతేదో అందులో ఉందన్నట్టు ఖాళీ సంచిలోకి కూడా తొంగి చూశాడు. తర్వాత దాన్ని మడిచి ఉయ్యాల కింద పరిచాడు, పిల్లి పడుకుంటుందని. పిల్లి దాని మీద కాలు కూడా పెట్టలేదు.

కొన్నాళ్ళకు గేదె ఈనింది. కవ్వం మళ్ళీ కుండలో దిగి, "నా సగం నాకిచ్చెయ్యి," అంది.

"ష్, పిల్ల పడుకుంది. తర్వాత చూద్దాం," అంది పిల్లి.

అప్పటినుంచే పిల్లి ఎవరి పక్కన ఒదిగినా దాని గొంతులో కవ్వం తిరుగుతూ ఉంటుంది. కానీ మనం పిలిచినప్పుడు రాదు, దానికి బుద్ధి పుట్టినప్పుడే వస్తుంది. ఆ గోనెసంచిని అది ఇంకా మర్చిపోలేదు మరి.