పెట్రోలు టాంకీలో వాన చప్పుడు

దాలినాయుడు మేస్త్రికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా బండి సంగతి అడిగితే విడమరిచి చెప్పేవాడు. బతుకు సంగతి అడిగితే మాత్రం చేతులు తుడుచుకుని "ముందీ పని కానీ" అనేవాడు. శృంగవరపుకోట దాటాక కొండదారి మొదలయ్యేచోట ఆయన షెడ్డు. చలికాలం పొద్దుటిపూట మంచు కొండ దిగివచ్చి ఆ షెడ్డులోకి కూడా దూరేది. విప్పి పెట్టిన ఇంజన్లూ, మేకులకు తగిలించిన టైర్లూ, మనుషులూ అప్పుడు సగం సగమే కనిపించేవి. మేస్త్రి మాటలు కూడా సగమే వినిపించడానికి ఆ మంచే కారణమని ఆయన దగ్గర పని నేర్చినవాళ్లు నవ్వుకునేవారు.

ఆ శిష్యుల్లో గవరయ్య పదిహేనేళ్లుగా ఆయన్ని విడవనివాడు. ఒక కార్తీకమాసపు ఉదయం, చేతిలో పానా అలాగే పట్టుకుని, లోపల నలుగుతున్నది బయటపెట్టాడు.

"గురువుగారూ, నూకరత్నం పుట్టింటికెళ్లి నెల దాటిపోనాది. నేనేటి తక్కువ సేసినాను సెప్పండి? అడక్కముందే కోకలు తెచ్చినాను. మిషను తొక్కితే కాళ్లు నొప్పెడతాయని ఆ కుట్టుమిషను అమ్మేసి, హాయిగా కూకోమన్నాను. నాకోసం సొక్కా కుట్టినాది. నీకెందుకే ఈ కష్టమని, దాన్ని పెట్లో పడేసి బజార్లో నాలుగు కొన్నాను. మొన్న కబురెట్టినాది, ఆ ఇంట్లో ఊపిరాడదు, ఇంక రానని. ఇంకా ఏటివ్వాలి నేను?"

మేస్త్రి గుడ్డపీలికతో చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ నిదానంగా తుడుచుకున్నాడు. "ముందు సన్యాసమ్మ బండి కానీరా" అన్నాడు.

సన్యాసమ్మ తేనెటీగలు పెంచే మనిషి. ఏటా కొండ మీద వలిసె చేలు పూసే రోజుల్లో ఈగల పెట్టెలు బండికెత్తి పైకి తీసుకుపోతుంది. పొలాలన్నీ పసుపు ఆరబోసినట్టుండే ఆ నెల్లాళ్లే ఆమెకు పంట. చనిపోయిన భర్త వాడిన పాత కారులో వెనక సీట్లు పీకించి పెట్టెలకు చోటు చేసుకుంది. ఆ కారు ఇంజను అరిగిపోతే, గవరయ్య ఈ కాలపు ఇంజెక్షన్ ఇంజను ఒకటి తెచ్చి అందులో కూర్చోబెట్టాడు. పాత ఇంజను కార్బొరేటర్‌ది. తీరుబడిగా, తనకు కావలసినంతే గుటకలు వేసేది. కొత్తదానికి పెట్రోలు మంచి ఒత్తిడితో ఎప్పుడూ గుమ్మంలో నిలబడి ఉండాలి. అందుకని గవరయ్య బలమైన కరెంటు పంపు పెట్టాడు. ఒత్తిడికి ఆగే కొత్త పైపు వేశాడు, ఫిల్టరు మార్చాడు. చేసినదంతా ప్రేమగానే చేశాడు. ఒక్కచోట మాత్రం సొంత తెలివి వాడాడు. ఆ ఇంజనుకు పెట్రోలు వచ్చే దారే కాక, మిగిలింది తిరిగి టాంకీకి వెళ్లే దారి కూడా ఉంటుంది. పాత టాంకీకి ఉన్నదేమో బయటికి పోయే గొట్టం ఒక్కటే. ఇంక తిరుగుదారి ఎందుకనుకుని దాని మూతిలో ఒక బోల్టు బిగించేశాడు.

మర్నాడు తెల్లవారుతూనే, బండి కొండ ఎలా ఎక్కుతుందో చూద్దామని, ఖాళీ పెట్టెలు వేసుకుని ముగ్గురూ ఘాటురోడ్డు ఎక్కారు. మొదటి మలుపు బాగానే గడిచింది. రెండో మలుపులో వెనక నల్లటి పొగ లేచింది. మూడో మలుపులో మంచుకంటే చిక్కగా పెట్రోలు వాసన కమ్మి, ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

"కొత్త గుండె ఎట్టినానన్నావు, ఇదేటిరా గవరయ్యా, సుట్టలు కాల్చే ముసిలోడిలా దగ్గుతాది?" అంది సన్యాసమ్మ, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. "నా ఈగలకి పూలవాసన తప్ప తెల్దు. ఈ కంపుకి దారిలోనే సచ్చిపోతాయి."

"పంపు సాల్లేదు పిన్నీ. ఇంకా పెద్దది ఏసేత్తాను."

మేస్త్రి బానెట్టు ఎత్తి చూసి, ఆ బోల్టు మీద వేలు పెట్టాడు. "ఇదేటి?"

"పంపినదంతా ఇంజనుకే సేరాలని మూసినాను గురువుగారూ. ఒక్క సుక్క కూడా ఎనక్కి రాకూడదని."

మేస్త్రి బానెట్టు దించేశాడు. ముగ్గురూ కలిసి బండిని వెనక్కి తిప్పి, న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు మీద కాలు ఉంచి మంచులోంచి దిగివచ్చారు. చప్పుడు లేని కారులో అలా దిగుతుంటే కొండే తమను ఒళ్లో పెట్టుకుని కిందికి చేరుస్తున్నట్టుందని సన్యాసమ్మ తరవాత చాలామందితో చెప్పింది.

పనికి రెండు రోజులు పట్టింది. టాంకీ దింపి, ఖాళీ చేసి, వాసన పూర్తిగా పోయేదాకా వేణ్ణీళ్లతో కడిగారు. దాని నెత్తిన రంధ్రం చేసి గొట్టం అతికించారు. కారు పొట్ట కింద, వెళ్లే పైపు పక్కనే, వచ్చే పైపు పరిచారు. బోల్టు మాత్రం మేస్త్రి ముట్టుకోలేదు. గవరయ్య చేతనే విప్పించాడు. మసిబారిన ప్లగ్గులు తుడిచి బిగించి ఇంజను తిప్పితే, పొగ లేదు, దగ్గు లేదు. అప్పుడు మేస్త్రి టాంకీ మూత తీయించి, "సెవి పెట్టు" అన్నాడు.

గవరయ్య చెవి పెట్టాడు. ఆ చిన్న చీకట్లో సన్నని ధార పడుతోంది. వాన వెలిశాక చూరునీళ్లు గాబులోకి జారే చప్పుడులా ఉంది. పంపు ఎప్పటి బలంతోనే తోస్తోంది, ఇంజను కావలసింది తాగుతోంది, మిగిలింది తిరిగి ఇస్తోంది. అతను చాలాసేపు చెవి తియ్యలేదు. ఎక్కడో బాగా దూరాన ఎవరో మిషను తొక్కుతున్నారనిపించింది.

"ఏటినిపిస్తాది?"

"ఎనక్కి వత్తన్నాది గురువుగారూ" అన్నాడు గవరయ్య, మెల్లగా.

ఆ సాయంత్రం ఈగల పెట్టెలు ఎత్తడానికి ముగ్గురూ సన్యాసమ్మ జీడితోటకు వెళ్లారు. ఎండ ఇంకా కొసకొమ్మల మీద ఉంది. గవరయ్య వెళ్తూనే ఒక పెట్టె వాకిలి మూయబోయాడు.

"ఆగరా బాబూ, నీకెప్పుడూ మూసేసే తొందరే!" అని సన్యాసమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "ఎళ్లినవి తిరిగి రావద్దేటి?"

వాళ్లు చెట్ల కింద కూర్చున్నారు. పలచబడుతున్న వెలుగులోంచి ఈగలు ఒకటీ, రెండూ, పదీ వచ్చి వాలుతున్నాయి. కాళ్లకు అంటిన పుప్పొడి మోసుకుని, వాకిట్లో ఒక్క క్షణం ఆగి, లోపలికి పోతున్నాయి. ఏ ఒక్కటీ ఉత్తినే రాలేదు. గవరయ్య రెప్ప వెయ్యకుండా చూస్తూ ఉండిపోయాడు. ఆఖరిది ఎప్పుడు వచ్చిందో అతనికి తెలియనే లేదు. సన్యాసమ్మ వాకిళ్లు మూస్తుంటే మేలుకున్నట్టు లేచాడు.

వేకువనే ప్రయాణం. బండి తోలేది గవరయ్యే. దారిలోనే, అనంతగిరి దగ్గర, అతని అత్తవారి ఊరు. అందుకని కొత్త కోకా, వెండి పట్టీలూ, మిఠాయి పొట్లం సంచిలో సర్దుకుని వచ్చాడు. మంచులోంచి మేస్త్రి ఎదురొచ్చి, ఏమీ అడక్కుండానే ఆ సంచి అందుకుని టైర్ల పక్కన మేకుకు తగిలించాడు.

"అత్తోరింటికి ఉత్తసేతుల్తో ఎలాగెళ్తాను గురువుగారూ?" అన్నాడు గవరయ్య, బిక్కమొహం వేసి.

మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు.

"నూకరత్నం ఏదైనా ఇత్తే పట్టుకోడానికి సేతులుండాల కదరా."