పసిపాప టోపీ మీద పావురం

డిజిటైజింగ్ నేర్చుకోవడానికి చేరి నెల తిరక్కుండానే కరుణశ్రీకి విసుగొచ్చింది. బొమ్మను కంప్యూటర్లో గీసి, సూది ఎక్కడ దిగాలో, దారాలు ఎంత దగ్గరగా పడాలో ఎంబ్రాయిడరీ మిషనుకు చెప్పడమే ఆ పని. కాన్వెంటు కుట్టు కేంద్రంలో అది నేర్పే సిస్టర్ ఫిలోమినా మాత్రం ఆమె చేత ఇంకా ఆకులే గీయిస్తున్నారు.

ఒకరోజు జ్ఞానస్నానానికి పసిపాప టోపీ కావాలని ఎవరో వచ్చారు. మీద పావురం ఉండాలన్నారు. తను చేస్తానంది కరుణశ్రీ. సిస్టర్ కాదనలేదు.

తెర మీద పావురం బాగానే కుదిరింది. కానీ దారాల సందుల్లో గుడ్డ కనిపిస్తున్నట్టు తోచి, కుట్లు ఇంకాస్త దగ్గరికి జరిపింది. తృప్తి కలగక మళ్ళీ జరిపింది. కుట్టేటప్పుడు మిషనులో దారం తెగుతూనే ఉంది. ఎక్కిస్తూ, ఓపిగ్గా పూర్తి చేయించింది. పావురం వెండి బిళ్ళలా నిండుగా మెరిసింది. తోటివాళ్ళు చుట్టూ మూగి మెచ్చుకున్నారు.

టోపీ తెచ్చి సిస్టర్ చేతిలో పెట్టి, ఇక పెద్ద డిజైన్లు ఇవ్వొచ్చు కదా అని అడిగింది.

సిస్టర్ టోపీ లోపలివైపు వేళ్ళతో తడిమి చూశారు. బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. కరుణశ్రీని వెనక్కి తిరగమని, కుట్టు అడుగు ఒంటికి తగిలేలా టోపీని మడిచి, ఆమె కుర్తా మెడపట్టీ లోపల దోపి పిన్నీసు పెట్టారు.

"సాయంత్రం దాకా ఉండనీ. పోయి పని చూసుకో."

మొదట నవ్వులాటగా ఉంది. మధ్యాహ్నానికి, తల వంచినప్పుడల్లా ఆ గట్టి కుట్టు అట్టముక్కలా గీరుకోసాగింది. చెమట పట్టి మంట మొదలైంది. తీసేద్దామని సిస్టర్ వైపు చూసింది. ఆవిడ ఎవరికో దారం ఎక్కించి ఇస్తున్నారు. ఊరుకుంది.

అందరూ వెళ్ళాక పిన్నీసు తీసింది. మెడ వెనక తడుముకుంటే చురుక్కుమంది. టోపీని తిరగేసి లోపలి కుట్టు చూసింది.

"పాపకి ఎన్నో నెల సిస్టర్?"

"నెల ఎక్కడ? ఇంకా మెడే నిలవలేదు."

కరుణశ్రీ వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుని, కుట్లను ఒక్కొక్క వరసా ఎడంగా జరపడం మొదలుపెట్టింది.

సిస్టర్ గది తాళం తెచ్చి ఆమె పక్కన పెట్టి, ప్రార్థనకు వెళ్ళిపోయారు.