మాట తోక తెచ్చిన తంటా

ఒకానొక రాజ్యంలో భుజబలరాయుడనే రాజు ఉండేవాడు. పేరుకు భుజబలమే గాని, ఆయన మోజంతా మాటల గళ్ళ మీద. సభామంటపం నేల మీద సుద్దతో గళ్ళు గీయించి, సగం మాట రాయించి, మిగతా సగం సభికుల చేత పూరింపజేసేవాడు. మంచి సరదాయే. చిక్కల్లా ఒకటే, ఆయన అనుకున్నదే జవాబు.

ఒకనాడు నాలుగు గళ్ళు గీయించి, మొదటి రెండింట్లో 'మాట' అని రాయించాడు.

"చక్కగా మాట్లాడేవాడు. తోక తగిలించండి!" అన్నాడు.

తలపండిన ఆస్థాన పండితుడు అహోబలశాస్త్రి సుద్ద అందుకుని 'కారి' అని రాశాడు. "మాటకారి, ప్రభూ."

"తప్పు! ఆడేవాడు ఆటగాడు, వేటాడేవాడు వేటగాడు. మాట్లాడేవాడు మాటగాడు కాక మరేమిటి?"

"లోకంలో ఎవరూ అలా అనరు, ప్రభూ. ఏ మాటకు ఏ తోక అతకాలో జనం నోరే నిర్ణయిస్తుంది."

రాజుకు ఒళ్ళు మండింది. "నా రాజ్యంలో నా నోరే నిర్ణయిస్తుంది! నేటినుంచి మనిషిని చెప్పే ఏ మాటకైనా తోక 'గాడు' ఒక్కటే. వేరే తోక తగిలించినవారికి కొలువులో చోటు లేదు. రేపు సభ ముగిసేలోగా మీరు ఊరు విడవండి!"

వయసంతా ఆ కొలువుకే ధారపోసిన శాస్త్రికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆ వయసులో ఎక్కడికని పోతాడు పాపం!

సభలో హాస్యగాడు చొక్కన ఆయన దగ్గరే అక్షరాలు దిద్దుకున్నాడు. "మూటలు కట్టకండి, అయ్యవారూ. ఆ తోక సంగతి నాకు వదిలేయండి" అన్నాడు ధీమాగా.

మర్నాడు సభలో చొక్కన చేతులు జోడించాడు. "ప్రభూ, నేనూ గళ్ళు కట్టాను. పూరించగల చేయి తమదొక్కటే."

రాజు పొంగిపోయి సుద్ద అందుకున్నాడు. మొదటి వరుసలో 'ఆట', రెండో దాంట్లో 'వేట', మూడో దాంట్లో 'మాట' ఉన్నాయి. మూడింటికీ చకచకా 'గాడు' తగిలించాడు. నాలుగో వరుసలో 'రాజు' ఉంది.

"ఆధారం, ప్రజలు తమ ఏలికను నోరారా పిలిచే పిలుపు" అన్నాడు చొక్కన.

రాజు 'గా' రాశాడు. అక్కడ చేయి ఆగిపోయింది. సభంతా నవ్వు బిగబట్టుకుంది.

"ఆగారేం ప్రభూ? తోక ఒక్కటే కదా! 'డు' రాసేయండి. వీధివీధినా అలాగే పిలవమని దండోరా వేయిస్తాను."

"చొక్కనా! నీ తల ఎగిరిపోతుంది!"

"పోనీ 'రు' రాస్తారా? నిక్షేపంగా రాయండి. కాకపోతే వేరే తోక తగిలించినవారికి కొలువులో చోటు లేదు. శాస్త్రులవారికి దారిలో మంచి తోడు దొరుకుతుంది."

రాజు కళ్ళెర్రజేశాడు. గళ్ళకేసి మళ్ళీ చూశాడు. ఇక ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వాడు. ఖాళీ గడిలో 'రు' రాసి, పై వరుసలో 'మాట' పక్కనున్న 'గాడు'ను తన ఉత్తరీయంతోనే తుడిచి 'కారి' అని దిద్దాడు. శాస్త్రి చేయి పట్టుకుని తీసుకొచ్చి, ఆయన పీఠం మీద కూర్చోబెట్టాడు.

"మన్నించండి, శాస్త్రులవారూ. నా ఆజ్ఞ రద్దు" అని, తన ముత్యాలహారం తీసి చొక్కన మెడలో వేశాడు. "నువ్వు మాటకారివిరా!"

"చిత్తం. కొలువులో మాత్రం హాస్యగాణ్ణే, ప్రభూ. ఆ తోక తమదే. అక్కడ భేషుగ్గా అతికింది!"