అభ్యంతరం లేని పన్నెండుమంది

కనకవల్లి మేడంని ప్రశ్న అడిగితే జవాబు ఆ రోజే రాదు. మా విశ్వవిద్యాలయంలో ప్రపంచ రాజకీయాల పాఠాలు చెప్పే ప్రొఫెసర్ ఆవిడ. ఐదు దేశాల్లో తిరిగి పరిశోధన చేసిన మనిషి. అయినా ప్రశ్న వినగానే ఫ్లాస్కులోంచి టీ పోసి, "చూద్దాం" అనేవారు. ఆ "చూద్దాం" ఎంతమంది కొమ్ములు విరగ్గొట్టిందో మాకు తెలుసు.

ఆవిడ శిష్యుల్లో ఇమ్మానుయేలు చురుకైనవాడు. తన మీద తనకు నమ్మకం కాస్త ఎక్కువే. సముద్రంలో చేపల వేట గురించి దేశాల మధ్య కుదిరిన ఒక ఒప్పందం మీద అతని సిద్ధాంత గ్రంథం. ఇలాంటి ఒప్పందాలకు ఒక పద్ధతి ఉంది. ముసాయిదా అందరికీ పంపుతారు. గడువులోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అందరూ ఒప్పుకున్నట్టే లెక్క. నలభై ఒక్క చిన్న దేశాలు అలా నోరు విప్పలేదు కాబట్టి అవన్నీ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాయని ఇమ్మానుయేలు మూడో అధ్యాయంలో రాశాడు. గ్రంథమంతా ఆ అధ్యాయం మీదే నిలబడి ఉంది. దాన్ని అందరి ముందూ సమర్థించుకోవలసిన సెమినార్ వచ్చే శుక్రవారమే.

"కాదనని వాళ్లు ఔనన్నట్టే కదా మేడం?" అని అడిగాడు. ప్రశ్న అడిగినట్టు లేదు, సంతకం పెట్టమన్నట్టుంది.

మేడం టీ పోశారు. "చూద్దాం. రీడింగ్ రూమ్ వేళలు మార్చాలంటున్నావు కదా, ఆ పద్ధతిలోనే మార్చి చూడు" అన్నారు.

ఇమ్మానుయేలుకు పొద్దున్నే చదవడం పడదు. వెంటనే నోటీసు రాశాడు. సోమవారం నుంచి గది ఉదయానికి బదులు సాయంత్రం తెరుస్తారు. అభ్యంతరం ఉన్నవారు రేపు నాలుగు గంటల లోపు చెప్పాలి. చెప్పకపోతే సమ్మతించినట్టే. కింద మేడం సంతకం చేశారు. అతను కాక ఆ గదిని వాడుకునే పరిశోధక విద్యార్థులం పన్నెండుమందిమి. మర్నాడు నాలుగయింది. ఒక్కరమూ కిక్కురుమనలేదు.

"ఏకగ్రీవం మేడం" అని ఇమ్మానుయేలు మొహం వెలిగిపోతూ వచ్చి చెప్పాడు.

"సంతోషం. ఇప్పుడు వెళ్లి, ఎందుకు మాట్లాడలేదో ఒక్కొక్కరినీ అడిగి రా."

రెండు రోజులు తిరిగాడు. ఒకతను పాడేరు వైపు సర్వేకి వెళ్లి నోటీసే చూడలేదు. ఇంకొకతను, "మేడం సంతకం చేశాక కాదనడానికి నేనెవణ్ని?" అన్నాడు. ఆరుగురేమో, మిగతావాళ్లు ఊరుకున్నారు కదా అని ఊరుకున్నారు. ఆ మిగతావాళ్లెవరయ్యా అంటే వీళ్లే. నన్ను అడిగితే నిజమే చెప్పాను. చదివాను, తర్వాత చెబుదాంలే అనుకున్నాను, మర్చిపోయాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. సాయంత్రమే బాగుంటుందని నిజంగా అనుకున్నవాళ్లు ఇద్దరంటే ఇద్దరు.

చివరికి హేమలత మిగిలింది. ఇమ్మానుయేలు వెళ్లేసరికి ఆమె రీడింగ్ రూమ్ అల్మారాలోంచి తన పుస్తకాలు తీసి సంచిలో సర్దుకుంటోంది. నాలుగేళ్లుగా చేస్తున్న పని ఆ అరలోనే ఉంది.

"నువ్వూ ఒప్పుకున్నావు కదా, మరి ఇదేంటి?" అన్నాడు.

"ఒప్పుకోలేదు. చదువే మానేస్తున్నాను" అంది హేమలత. "బాబుని అంగన్‌వాడీలో దింపి ఇక్కడికొస్తాను. ఒంటిగంటకల్లా వెళ్లి తెచ్చుకోవాలి. సాయంత్రం వాణ్ని ఎవరి దగ్గర పెట్టి రాను?"

"ఆ ఒక్క మాటా చెప్పొచ్చు కదా."

"పోయినేడు గ్రంథం ఇచ్చే గడువు పెంచమని ఓసారి అడిగాను. మళ్లీ నోరు తెరిస్తే, ఈవిడకెందుకీ చదువు అంటారు. అనిపించుకునే కన్నా నేనే వెళ్లిపోవడం మర్యాద."

ఇమ్మానుయేలు సంచి తీసుకుని పుస్తకాలు ఒక్కొక్కటే మళ్లీ అల్మారాలో పెట్టసాగాడు. వరస తప్పుగా పెడుతుంటే కాసేపు చూసి హేమలతే సరిదిద్దింది. తర్వాత అతను వెళ్లి నోటీసు చింపి, ముక్కలు జేబులో వేసుకుని మేడం గదికి వచ్చాడు.

"గది ఎప్పటిలాగే పొద్దున తెరుస్తారు మేడం. హేమలత పుస్తకాలు సర్దుకుంటుంటే ఆపాను, మానడం లేదు" అన్నాడు. జేబులోంచి ముక్కలు తీసి బల్ల మీద పెట్టి, "శుక్రవారం సెమినార్ వాయిదా వేయించండి. మూడో అధ్యాయం మళ్లీ రాయాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు" అన్నాడు.

మేడం ఫ్లాస్కు మూత తిప్పి రెండు కప్పుల్లో టీ పోశారు.

"నలభై ఒక్క దేశాలన్నావు కదా. వాటిలో పుస్తకాలు సర్దుకుంటున్న దేశమేదో చూశావా?"