వరసలో కూర్చుంటానన్నవాడు

మా గురువుగారు పాండురంగారావుగారు గడప దాటి ఎవరొచ్చినా ముందు వాళ్ళ కాళ్ళు చూస్తారు. మొహం ఆ తర్వాత. మేజిస్ట్రేటుగా చేరి జిల్లా జడ్జీగా రిటైరైన మనిషికి ఇదేం అలవాటో మాకెవరికీ అర్థమయ్యేది కాదు. వరండాలో చెప్పుల దొంగలు ఎక్కువయ్యారని మేం వెనకాల నవ్వుకునేవాళ్ళం. నేను ఇరవై రెండేళ్ళుగా ఇదే ఊళ్ళో క్రిమినల్ ప్రాక్టీసు చేస్తున్నాను. ఆయన దగ్గరకు ఆదివారం పొద్దున పోయి కూర్చునే నలుగురైదుగురిలో వయసులో పెద్దవాణ్ణి నేనే. ఆయన్ని సెక్షన్ అడిగితే సెక్షన్ చెప్పరు. "పుస్తకంలో ఉంది, చూసుకో" అంటారు. పుస్తకంలో లేనిది అడిగితేనే నోరు విప్పుతారు.

ఆ ఆదివారం కిరీటి వచ్చాడు. రెండేళ్ళ కిందట అసిస్టెంట్ ప్రాసిక్యూటరుగా పోస్టింగు వచ్చిన కుర్రాడు. మంచివాడే. కానీ ఒళ్ళంతా కోపం. మొన్న గురువారం వాడి కేసు పోయింది. రిటైరైన బడిపంతులి ఇంట్లో దొంగ పడి, అడ్డొచ్చిన పంతులి కన్ను పోగొట్టిన కేసు. వరసలో నిలబెట్టిన మనుషుల్లోంచి సాక్షి దొంగని పట్టాల్సిన గుర్తింపు పెరేడ్‌కి ముందే పోలీసులు ముద్దాయి ఫోటో పంతులికి ఫోన్‌లో చూపించారని బయటపడింది. జడ్జిగారు ఆ గుర్తింపు చెల్లదని కేసు కొట్టేశారు. ముద్దాయి కోర్టు మెట్ల మీదే స్వీట్లు పంచాడట.

"గురువుగారూ, ఫోటో ముందే చూస్తే దొంగ దొంగ కాకుండా పోతాడా? వాడేనని నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు. తెలియనిది ఒక్క చట్టానికే" అన్నాడు కిరీటి. ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "రేపు సోమవారం సబ్‌జైల్లో ఇంకో పెరేడ్ ఉంది. ఇది కూడా అలాంటి కేసే. సాక్షికి ఇవాళే మనిషిని ఒకసారి దూరం నుంచి చూపించేస్తామని ఇన్‌స్పెక్టరు నాతో అన్నాడు. ఈసారి బయటపడకుండా చూసుకుంటాడట. నేను విననట్టు ఊరుకుంటే తప్పంటారా?"

అడగడానికి వాడికి ఎంత ధైర్యం! నాకు ఒళ్ళు మండింది. అయినా ఎవరికీ చెప్పకుండా ఊరుకునేవాళ్ళ కంటే, వచ్చి అడిగినవాడు నయమే కదా అనిపించి నోరు మూసుకున్నాను. గురువుగారు మాత్రం కోప్పడలేదు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు.

"నేనూ ఒక పెరేడ్ పెట్టించాను, అబ్బాయ్. సర్వీసులో చేరిన మూడో ఏడు" అన్నారు.

నాగరత్తమ్మ అని బస్టాండు దగ్గర ఇడ్లీలు వేసుకునే ఆవిడ. తెల్లవారుజామున పొయ్యి వెలిగించడానికి వెళ్తుంటే ఎవడో కత్తితో చెవి తమ్మె తెగ్గోసి కమ్మా, మెళ్ళో పుస్తెలతాడూ లాక్కుపోయాడు. ఊరు అట్టుడికిపోయింది. పోలీసులు వారం తిరక్కుండా దాలయ్య అనేవాణ్ణి పట్టుకొచ్చారు. ఊరూరా తిరుగుతూ ఎద్దులకు నాడాలు కొట్టుకునే మనిషి. నా అనేవాళ్ళు లేరు. ఆ రోజున వేరే ఊళ్ళో ఉన్నాడని చెప్పడానికి ఒక్క మనిషి దిక్కు లేదు. బంగారం దొరకలేదు, కత్తి దొరకలేదు. నాగరత్తమ్మ వాణ్ణి గుర్తు పడితే కేసు ఉంది, పట్టకపోతే లేదు. గుర్తు పడితే ఏడేళ్ళకు తక్కువ పడదు. అదంతా గురువుగారి చేతిలో పెట్టారు.

"నాకు ఆ రోజుల్లో నియమమంటే ప్రాణం" అన్నారు గురువుగారు. "పెరేడ్ ఎలా పెట్టాలో జిల్లాకంతా చూపించాలనుకున్నాను."

చూపించారు కూడా. దాలయ్య ఈడువాళ్ళని, అదే ఎత్తు, అదే రంగు, అదే మీసకట్టు ఉన్నవాళ్ళని పదిమందిని ఏరారు. దాలయ్యకు ఎడమ కనుబొమ మీద పాత గాటు ఉంది. అది పట్టించేస్తుందని, పదకొండుమందికీ అదే చోట చిన్న కాగితం ముక్క జిగురుతో అంటించారు. అందరికీ ఒకేలాంటి చొక్కాలు తొడిగించారు. పోలీసుల్ని జైలు గేటు బయటికి పంపించి తలుపు వేయించారు. దాలయ్యను పిలిచి, వరసలో నీకిష్టమైన చోట నిలబడొచ్చన్నారు. పోలీసుల మీద ఏమైనా ఫిర్యాదు ఉందా అని అడిగారు. లేదు బాబూ అన్నాడు. అడగాల్సింది అడిగారు, రాసుకోవాల్సింది రాసుకున్నారు.

వరసలోకి వెళ్ళబోతూ దాలయ్య ఒక్క మాట అడిగాడు.

"బాబూ, నేను కూకోవచ్చా?"

ఆయనకు చిరాకేసింది. బద్ధకమనుకున్నారు. కాసేపు ఆలోచిస్తే ఇంకోటి తోచింది. వీడొక్కడే కూర్చుంటే సాక్షి ఇట్టే పట్టేస్తుంది, వీడికే నష్టం. వాడి మేలు కోరే వద్దన్నారు.

"అందరూ నిలబడాలి. నీ ఒక్కడికీ వేరే నియమం ఉండదు."

దాలయ్య వెళ్ళి ఐదోవాడుగా నిలబడ్డాడు. నాగరత్తమ్మను లోపలికి పిలిపించారు. అంతమంది మగాళ్ళ ముందు నడవాలి కదా, సిగ్గుతో తల దించుకునే వరస పొడుగునా నడిచింది. నడిచి నడిచి దాలయ్య ముందు ఆగి, భుజం మీద చెయ్యి వేసింది. గురువుగారు ఆవిణ్ణి బయటికి పంపి వరస మార్చారు. రెండోసారీ అతన్నే ముట్టుకుంది. మళ్ళీ మార్చారు. మూడోసారీ అతన్నే. ఎన్నిసార్లు చోటు మార్పించినా పొరపాటన్నది లేదు.

"నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇంటికెళ్ళి రిపోర్టు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. కూర్చుంటానని అడగడం, నేను నిరాకరించడం, అందుకు కారణం, అన్నీ దాచకుండా రాశాను. సెషన్స్ కోర్టులో బోనెక్కి సాక్ష్యం కూడా చెప్పాను. వాడికి ప్రభుత్వం ఇచ్చిన లాయరు నన్ను రెండే రెండు ప్రశ్నలు అడిగి కూర్చున్నాడు. ఏడేళ్ళు పడింది. కొత్త మేజిస్ట్రేట్లకు నా రిపోర్టు నమూనాగా చూపించమని జడ్జిగారు పైకి రాశారు. ఆ మెచ్చుకోలు నా సర్వీసు రికార్డులో ఇప్పటికీ ఉంది."

కిరీటి మొహంలో కొంచెం వెలుగు కూడా వచ్చింది. గురువుగారు తన పక్షమే మాట్లాడుతున్నారనుకున్నాడు, పిచ్చివాడు.

రెండేళ్ళ తర్వాత బదిలీ మీద వెళ్ళిపోతూ బస్సు కోసం నిలబడితే, నాగరత్తమ్మే గుర్తుపట్టి పిలిచిందట. తెగిన చెవి కనబడకుండా కొంగు కప్పుకుని ఉంది. బల్ల తుడిచి కూర్చోబెట్టి, వేడి వేడి ఇడ్లీ పెట్టింది.

"తమరి ధర్మమా అని ఆ దొంగసచ్చినోడు లోపల పడ్డాడు బాబూ. ఆ రోజు ఎంత హడలిపోయానో! ఆ కాయితం ముక్కలంటించి అందర్నీ ఒక్కలా చేసేశారు తమరు."

"అయినా మూడుసార్లూ సరిగ్గా పట్టావు కదమ్మా" అన్నారాయన.

"చీకట్లో నేను మొహం ఎక్కడ చూశాను బాబూ? పోలీసు హెడ్డుగారు ముందే చెప్పారు. మొహాలు చూస్తే తికమక పడతావు, కాళ్ళు చూడు. పాదం నేలకి ఆనక బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి మార్చుకుంటుంటాడు చూడు, వాడే అని. అందుకే తలెత్తకుండా నడిచాను."

గురువుగారు చేతిలో ముద్ద ఆకులో పెట్టేశారు. వాడెందుకు నిలబడలేకపోయాడో అడిగారు.

"అరికాళ్ళ మీద లాఠీలు విరిగేలా కొట్టారంట. అది వాళ్ళ పని, నాకేం తెలుసు బాబూ."

"మరి అతనే దొంగని నీకెలా తెలుసు?"

ఆవిడ వింతగా చూసింది. ఆవిడ కళ్ళలో అబద్ధమాడిన బెదురు లేదు. "అదేంటి బాబూ, దొంగెవడో పోలీసోళ్ళకి తెలీదా?" అంది.

ఇక్కడ గురువుగారు ఆగారు. లోపల్నుంచి మజ్జిగ వచ్చింది. నాకైతే ఆ హెడ్డు మీద కోపం కంటే ఆ పదకొండు కాగితం ముక్కలు తలుచుకుని ఏడుపే ఎక్కువొచ్చింది. ఎంత శ్రద్ధగా అంటించారో పాపం!

ఆయన ఊరుకోలేదు. పైవాళ్ళకు ఉత్తరం రాశారు. అప్పటికే హైకోర్టులో అప్పీలు పోయింది. సాక్షి ప్రమాణం చేసి కోర్టులో చెప్పిందే సాక్ష్యం గానీ ఇడ్లీ బల్ల దగ్గర చెప్పింది కాదని జవాబొచ్చింది. ఆవిణ్ణి మళ్ళీ పిలిచి అడగమని ఇంకో ఉత్తరం రాయొచ్చు. రాయలేదు.

"ఆ ఏడు ప్రమోషన్ జాబితాలో నా పేరుంది. అందుకే రాయలేదు. ఇంకే కారణమూ లేదు" అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో ఏ మార్పూ లేదు. ఎన్నిసార్లు తనలో తాను చెప్పుకున్నారో మరి.

ప్రమోషన్ వచ్చిన ఏడాది జైళ్ళ తనిఖీకి వెళ్తే, దాలయ్య తివాచీలు నేసే షెడ్డులో కనిపించాడు. జుట్టు నెరిసింది. ఆయన్ని చూసి మగ్గం గుంట లోంచి పైకొచ్చి, లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. పాదాలు రెండూ వంకరపోయి ఉన్నాయి. గురువుగారు ఎదురుగా ఉన్న స్టూలు చూపించి, "కూర్చో దాలయ్యా" అన్నారట.

"ఇప్పుడెందుకు బాబూ" అన్నాడు దాలయ్య. "ఇప్పుడు నిలబడగలుగుతున్నాను."

గురువుగారు మజ్జిగ గ్లాసు అందుకున్నారు. "కూర్చుంటానని వాడడిగినప్పుడు పదకొండుమందినీ కూర్చోబెట్టి ఉంటే సరిపోయేది. అందరికీ ఒకటే నియమం. ఆ బుద్ధి నాకు పుట్టలేదు" అన్నారు.

కిరీటి తల వంచుకుని ఉన్నాడు. తలుపు దగ్గర విప్పిన బూట్లు తీసుకోవడానికి లేచాడు. కానీ వాడి కడుపులో ఒక ప్రశ్న ఉండిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకూ ఉంది, అందరికీ ఉంది. వాడే బయటపడ్డాడు.

"అంతా సరే గురువుగారూ, ఒక్కటి చెప్పండి. ఇంతకీ ఆ దాలయ్య దొంగేనా, కాదా?"

గురువుగారు వాడి కాళ్ళకేసి చూశారు. ఆ తర్వాత మొహంకేసి చూశారు.

"నలభై ఏళ్ళయింది, నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే దారి ఆ పెరేడ్ రోజునే నా కళ్ళముందే మూసుకుపోయింది" అన్నారు. "తెలుసు అన్నవాడివి నువ్వు. నువ్వే చెప్పు, నాయనా."